నాయకుడు గదిలో లేనప్పుడు

సంపాదకులకు,

అయ్యా,

మంచి నాయకుడికి ఉండవలసిన లక్షణాలను ఒకటొకటిగా వివరిస్తూ మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆత్మవిశ్వాసం, వాక్చాతుర్యం, దూరదృష్టి, వెంటనే నిర్ణయం తీసుకోగల తెగువ, పదిమందిలో నిలబడితే అందరి చూపూ తనవైపు తిప్పుకునే ఠీవి ఉన్నవాడే నాయకుడని, లేనివారు సాధనతో వాటిని అలవరచుకోవచ్చునని అందులో రాశారు. రాసినవారి సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ నెల్లూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు పనిచేసి, అందులో చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా ఉండి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఇలాంటి జాబితాలు మన బళ్లకూ, పంచాయతీలకూ, పొదుపు సంఘాలకూ చేసే నష్టాన్ని దగ్గరనుంచి చూశాను. తరగతి లీడరును ఎన్నుకోమంటే పిల్లలు అందరికన్నా గొంతు పెద్దదైన పిల్లవాడివైపు చూస్తారు, మేమూ సరేనంటాం. ఆరో తరగతిలో పట్టుకున్న ఆ కొలబద్దను ఆ తర్వాత జీవితమంతా కింద పెట్టం. అందుకే ఈ ఉత్తరం కొంచెం దీర్ఘంగా రాయవలసి వస్తోంది.

నాయకత్వం మనిషి లోపల పుట్టుకతోనే ఉంటుందన్న భావనకు ఆధునిక కాలంలో గట్టి రూపం ఇచ్చినవాడు స్కాట్లండు రచయిత థామస్ కార్లైల్. 1840లో లండన్‌లో చేసిన ఉపన్యాసాలను మరుసటి ఏడు పుస్తకంగా వేస్తూ, ప్రపంచ చరిత్ర అంటే మహాపురుషుల జీవిత చరిత్రేనని ఆయన వాదించాడు. 'యథా రాజా తథా ప్రజాః' అని తరతరాలుగా చెప్పుకుంటున్న మనకు ఈ మాట కొత్తగా అనిపించదు. అయితే కార్లైల్ బతికి ఉండగానే హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఈ వాదాన్ని తలకిందులు చేశాడు. మహాపురుషుడు తన సమాజాన్ని మార్చడానికి ముందు ఆ సమాజమే అతన్ని తయారుచేసి ఉండాలన్నది ఆయన జవాబు. ఆ తగవు ఇరవయ్యో శతాబ్దంలో పరిశోధకుల చేతికి వచ్చింది. 1904 నుంచి 1947 వరకు నాయకుల గుణాల మీద వచ్చిన 124 అధ్యయనాలను రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1948లో సమీక్షించి, తెలివి, బాధ్యత, చొరవ వంటివి నాయకుల్లో కొంత ఎక్కువగా కనిపించినా, ఫలానా గుణాలు ఉంటే ఎక్కడైనా ఎప్పుడైనా నాయకుడు కాగలడని చెప్పడానికి ఆధారం లేదని తేల్చాడు.

న్యాయంగా చెప్పాలంటే, కథ అక్కడితో ముగియలేదు. లెక్క కట్టే పద్ధతులు మెరుగుపడ్డాక జరిగిన పరిశీలనల్లో, నలుగురిలో చొరవగా కలిసిపోయే స్వభావానికీ నాయకత్వానికీ సంబంధం ఉన్నట్టు కనబడింది. కానీ ఆ సంబంధం ఎక్కడ బలంగా ఉందో చూడాలి. జనం ఎవరిని నాయకుడిగా గుర్తిస్తారు అన్నచోట అది బలంగా ఉంది. గుర్తింపు పొందిన మనిషి పనిని ఎంత బాగా నడిపాడు అన్నచోట అంతకన్నా తక్కువగా ఉంది. మీ వ్యాసంలోని జాబితా మొదటి ప్రశ్నకు జవాబు. ఊరికి గానీ బడికి గానీ కావలసింది రెండో ప్రశ్నకు జవాబు.

ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో మన దేశంలోనే చక్కగా బయటపడింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు దక్కాక (ఆ వాటాను మన తెలుగు రాష్ట్రాలు తర్వాత సగానికి పెంచాయి), తరవాతి కాలంలో నోబెల్ పురస్కారం అందుకున్న ఎస్తేర్ డఫ్లో, ఆమె సహచరులు పశ్చిమ బెంగాల్ పంచాయతీలను పరిశీలించారు. మహిళలు ప్రధాన్‌లుగా, అంటే మన సర్పంచుల్లాంటి పంచాయతీ పెద్దలుగా, ఉన్నచోట తాగునీరు వంటి, ఊరి ఆడవాళ్లు ఎక్కువగా అడిగే పనులకు ఎక్కువ ఖర్చు జరిగిందని 2004లో ప్రకటించారు. 2009లో వెలువడిన మరో అధ్యయనం నన్ను ఇంకా ఆలోచింపజేసింది. బీర్‌భూమ్ జిల్లా గ్రామాల్లో ఒక నాయకుడి ప్రసంగాన్ని, మాట మార్చకుండా, కొందరికి మగగొంతుతోనూ కొందరికి ఆడగొంతుతోనూ వినిపించి, ఈ మాట్లాడిన మనిషి ఎలా పనిచేస్తారనిపిస్తోందని అడిగారు. మహిళా ప్రధాన్‌ను ఎన్నడూ ఎరగని ఊళ్లలో మగవాళ్లు ఆడగొంతుకు తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ పుణ్యమా అని మహిళ పాలన ఎలా ఉంటుందో చూసిన ఊళ్లలో ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. అంటే మనం మెచ్చుకునే 'నాయకత్వ లక్షణం' చాలాసార్లు మాట్లాడేవారిలో కాకుండా వినేవారి అలవాటులో ఉంటుంది. మన దగ్గర సర్పంచిగారు వస్తున్నారంటే లేచి నిలబడినవాళ్లందరూ ఆమె భర్తకు నమస్కారం పెట్టి కూర్చోవడం నేను ఎన్ని సమావేశాల్లో చూశానో లెక్కలేదు. ఆ ఆడవారికి లక్షణాలు లేవని చెప్పడానికి ముందు, వాటిని చూడగల కన్ను మనకు ఉన్నదా అని అడగవలసి ఉంటుంది.

నాయకుణ్ని కాసేపు పక్కన పెట్టి అతని ముందున్న గుంపును చూడమని నేర్పినవారిలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ముఖ్యుడు. ఆయన యూదుడు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ విడిచి అమెరికా చేరాడు. ఒక దేశం మొత్తం ఒకే గొంతుకు లోబడటం కళ్లారా చూసి వచ్చినవాడికి ఈ ప్రశ్న పుస్తకాల్లో పుట్టినది కాదు. అయోవా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి పదేళ్ల మగపిల్లలను ఐదుగురేసి చొప్పున చిన్న క్లబ్బులుగా చేసి, మాస్కులు తయారుచేయడం వంటి పనులు ఇచ్చారు. ఒక రకం పెద్దవాడు ఏం చేయాలో, ఎవరితో చేయాలో, తర్వాతి మెట్టు ఏమిటో అంతా తానే శాసించేవాడు. రెండో రకంవాడు పిల్లలతో చర్చించి, పని మొత్తం ఎటు పోతుందో ముందే వివరించి, నిర్ణయం వాళ్లకు వదిలేవాడు. మూడోవాడు అడిగితే చెప్పేవాడు, లేకపోతే దేనిలోనూ కలగజేసుకునేవాడు కాదు. 1939లో వెలువడిన ఆ ప్రయోగ ఫలితాలను మన ఉపాధ్యాయ శిక్షణలో రెండు ముక్కల్లో చెప్పి దాటేస్తారు, నిరంకుశం చెడ్డది, ప్రజాస్వామ్యం మంచిది అని. అసలు విషయం అంతకన్నా సూక్ష్మమైనది. శాసించే పెద్దవాడు గదిలో ఉన్నంతసేపు ఆ పిల్లలు బాగానే పనిచేశారు, కొన్ని క్లబ్బుల్లో అందరికన్నా ఎక్కువే చేశారు. అతను గది దాటి బయటికి వెళ్లిన మరుక్షణం పని ఒక్కసారిగా పడిపోయింది. చర్చించి నడిపిన క్లబ్బులో పెద్దవాడు ఉన్నా లేకపోయినా పని ఇంచుమించు ఒకేలా సాగింది. ఏమీ పట్టించుకోని మూడో రకంవాడి దగ్గర పనీ నడవలేదు, పిల్లలకు సంతోషమూ దక్కలేదు. 'వాళ్లకే వదిలేశాను' అని చెప్పుకుని బాధ్యత దులుపుకునే అధికారులు ఈ చివరి ఫలితాన్ని మరచిపోకూడదు.

కొద్దిమంది అమెరికన్ పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేయకూడదని నాకు తెలుసు. అయినా దాన్ని చదివిననాడు నాకు నిద్రపట్టలేదు, ఎందుకంటే అది నా కథ. నేను ప్రధానోపాధ్యాయురాలిగా చివరగా పనిచేసిన బడిలో గ్రంథాలయ బీరువా తెరిపించి, ఊళ్లో చందాలు అడిగి పుస్తకాలు కొని, ప్రతి శనివారం సాయంత్రం పిల్లలకు నేనే ఇచ్చేదాన్ని. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఏ పుస్తకం ఎవరికి ఇవ్వాలో నేనే చెప్పేదాన్ని, రిజిస్టరూ నేనే రాసేదాన్ని. చూడవచ్చిన అధికారులు మెచ్చుకున్నారు, నాకు గర్వంగా ఉండేది. అదే బడిలో మధ్యాహ్న భోజనం సంగతి చూసుకోవడానికి నాకు తీరిక లేక తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆరుగురికి అప్పగించాను. బియ్యం తూకం చూడటం, కూర రుచి చూడటం, ఏ రోజు గుడ్లు ఎన్ని వచ్చాయో బోర్డు మీద రాయడం వాళ్ల పని. పదవీ విరమణ చేసిన రెండేళ్లకు వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లాను. బీరువాకు తాళం వేసి ఉంది. తెరిపిస్తే రిజిస్టరులో చివరి పద్దు నా చేతిరాతే. భోజనాల దగ్గర మాత్రం నేను ఎన్నడూ చూడని ఆడపిల్లలు ఆరుగురు బోర్డు మీద గుడ్ల లెక్క రాస్తున్నారు. నేను ప్రేమగా పెంచినది నాతోనే ఆగిపోయింది; తీరిక లేక వదిలినది నిలబడింది. నాయకత్వం గురించి ఆ రోజు నేర్చుకున్నంత ఏ శిక్షణ తరగతిలోనూ నేర్చుకోలేదు.

సందర్భాన్ని బట్టి నాయకత్వం మారాలనే సిద్ధాంతాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రెడ్ ఫీడ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో, మనిషి నడిపే తీరు అంత తేలికగా మారదు కాబట్టి తీరుకు తగిన సందర్భం చూసి మనిషిని నియమించాలన్నాడు. ఆ తీరును తెలుసుకోవడానికి, మీతో కలిసి పనిచేసినవారిలో మీకు ఏమాత్రం గిట్టనివారిని తలచుకుని వారి గురించి చెప్పండి అని అడిగేవాడు. గిట్టనివారిలో కూడా మంచి చూడగలవారు ఒక రకం నాయకులు, చూడలేనివారు మరో రకం. రెండేళ్లకు హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు దీనికి భిన్నంగా, నాయకుడే ఎదుటివారి సంసిద్ధతను బట్టి ఆజ్ఞాపించడం, నచ్చజెప్పడం, కలుపుకుపోవడం, అప్పగించడం అనే మెట్లలో తన తీరు మార్చుకోవాలన్నారు. ఆరో తరగతికీ పదో తరగతికీ ఒకేలా పాఠం చెప్పని ఉపాధ్యాయులకు ఇది తెలిసిన సంగతే. పరిశోధనలో దీనికి దొరికిన మద్దతు దీనికున్న ప్రచారమంత బలమైనది కాదు. అయినా చివరి మెట్టు అప్పగించడమే అని చెప్పినందుకు నాకు ఇది ఇష్టం, ఎందుకంటే మన అధికారుల్లో ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఉద్యోగ విరమణ చేస్తున్నారు.

ఇక నా జిల్లా సంగతి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను సాయంత్రం కేంద్రంలో పాఠాలు చెప్పాను. పొలం పని చేసి, వంట ముగించి, చంటిబిడ్డను ఒడిలో వేసుకుని లాంతరు ముందు కూర్చునే ఆ ఆడవాళ్లను మీ వ్యాసంలోని జాబితాతో కొలిస్తే ఒక్కరు కూడా నెగ్గరు. సమావేశంలో లేచి మాట్లాడమంటే పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన సంగతి అక్షరాస్యత వాచకంలో పాఠంగా వచ్చినప్పుడు, ఆ పాఠం మధ్యలో ఆగిపోయి చర్చ మొదలైంది. కూలి డబ్బులు సారా పాకెట్లకు పోవడం, రాత్రి దెబ్బలు, పిల్లల ఆకలి గురించి ఒకరు చెబితే ఇంకొకరు అందుకున్నారు. ఏ ఊళ్లో ఎవరు మొదలుపెట్టారంటే చెప్పలేం. చాలా ఊళ్లలో ఇదే జరిగింది. 1992లో జిల్లా కేంద్రంలో సారా వేలంపాటలను జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుపడితే అవి మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. అధికారులు, అక్షరాస్యత కార్యకర్తలు, మహిళా సంఘాలు, రాజకీయ పక్షాలు తోడయ్యాయి. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రం దాటి వినిపించింది, ఆమెకు ఆ గౌరవం న్యాయమైనది. కానీ ఆ ఉద్యమాన్ని అణచాలనుకున్నవారికి ఎదురైన చిక్కు, ఎవరిని పట్టుకుంటే ఆగిపోతుందో తెలియకపోవడమే. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఏ పక్షాన్నీ మెచ్చుకోవడానికో నిందించడానికో రాయడం లేదు. మాక్స్ వెబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అధికారాన్ని మూడు రకాలుగా విభజించి, ఆచారం వల్ల వచ్చేది, చట్టం వల్ల వచ్చేది, వ్యక్తి మీద జనానికున్న అసాధారణ విశ్వాసం వల్ల వచ్చేది అని చెప్పాడు. మూడోదానికి ఎన్.టి. రామారావుగారి కన్నా పెద్ద ఉదాహరణ తెలుగువారికి అక్కరలేదు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయినప్పుడు ప్రమాణ స్వీకార వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. ఆ సంతకం కార్లైల్ చెప్పిన మహాపురుషుడిదా, లేక స్పెన్సర్ చెప్పినట్టు ముందుగా సమాజం తయారుచేసి అందించినదా? లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లను చూసినదాన్ని కనుక నా జవాబు స్పష్టమే. ఆ నిషేధం 1997లో సడలిపోయింది. కానీ సారాకు పోకుండా మిగిలిన కూలిలో రోజుకో రూపాయి దాచుకుందామని మొదలైన పొదుపు సంఘాలు ముఖ్యమంత్రులు, కలెక్టర్లు, పథకాల పేర్లు ఎన్ని మారినా ఈనాటికీ నడుస్తున్నాయి. వ్యక్తి మీద విశ్వాసంతో వచ్చిన అధికారానికి అసలు పరీక్ష వారసత్వం దగ్గర ఎదురవుతుందని వెబర్ చెప్పింది ఇందుకే.

ఆ సంఘాల్లో సైతం పాత అలవాటు తిరిగి వస్తోందని బాధతో రాయవలసి ఉంది. పదిమంది సభ్యులున్న సంఘంలో ఒకటో లీడరు, రెండో లీడరు పన్నెండేళ్లుగా మారని చోట్లు నాకు తెలుసు. బ్యాంకులో సంతకాలు వాళ్లవే, పుస్తకాలు వాళ్ల ఇంట్లోనే, తన పేరున ఎంత అప్పు ఉందో మిగతావారిలో సగంమందికి తెలియదు. లీడర్లను మార్చుకోవాలని శిక్షణలో చెబుతూనే ఉన్నారు. మార్చితే బ్యాంకులో తిరగడం ఎవరికి వచ్చు అని సభ్యులే అడుగుతున్నారు. ఎవరికీ రాకుండా పోయింది కాబట్టే మార్చాలి అన్నది నా జవాబు.

జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1978లో నాయకత్వాన్ని రెండుగా విడదీశాడు. ఓటుకు రోడ్డు, పనికి జీతం అన్నట్టుగా ఇచ్చిపుచ్చుకునేది ఒకటి. నాయకుడూ అనుచరులూ ఒకరినొకరు నైతికంగా పైకి లేపుకునేది ఇంకొకటి. గాంధీజీని ఆయన రెండోదానికి ఉదాహరణగా చూపాడు. తర్వాత ఈ మాట కంపెనీల శిక్షణ తరగతుల్లోకి వెళ్లి, జనాన్ని ఉత్తేజపరిచే ప్రతివారికీ బిరుదుగా మారింది. 'ఒకరినొకరు' అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. దాని అర్థం తెలియాలంటే అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న తీరంలో జరిగిన సంగతి ఒకటి చాలు. శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందుకు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ తానే వెళ్లి, వైఫల్యానికి బాధ్యత తీసుకుని, తమ బృందం మీద నమ్మకం ప్రకటించారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినప్పుడు మాత్రం వెళ్లి మాట్లాడమని కలాంనే పంపారు. ఈ సంగతిని కలాంగారు తన జీవితమంతా చెబుతూ వచ్చారు. వినయానికి ఉదాహరణగానే అందరూ దీన్ని చెప్పుకుంటారు; నాకు ఇందులో వేరొకటి కనిపిస్తుంది. ఓడిన మనిషి మర్నాడు మళ్లీ బల్ల దగ్గర కూర్చుని పని మొదలుపెట్టగలిగే స్థితిని ధావన్ కాపాడారు. ఆ వైఫల్యానికీ ఆ విజయానికీ మధ్య ఉన్న పదకొండు నెలల్లో ఆయన గదిలో లేనప్పుడు కూడా పని ఆగకపోవడానికి ఆ ఒక్క సాయంత్రం ఎంతో తోడ్పడి ఉంటుందని నా నమ్మకం. 2002లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

తుపాను ముంచుకొస్తుంటే చర్చలు పెట్టుకుని కూర్చుంటామా అని నన్ను అడగవచ్చు. కోస్తాలో పుట్టినదాన్ని, 1977 దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయిన సంగతి తెలిసినదాన్ని, అలాంటి వేళ ఒకరు ఆజ్ఞ ఇవ్వాలి, మిగతావారు పాటించాలి అని ఒప్పుకుంటాను. కానీ ఇల్లు, గొడ్డూ గోదా వదిలి తుపాను షెల్టరుకు రమ్మంటే కదిలేది ఎవరు చెప్పినప్పుడు? ఏడాది పొడుగునా తమ మాట విన్నవారు చెప్పినప్పుడు. ఆ రాత్రి పనికొచ్చే అధికారం మామూలు రోజుల్లో కూడబెట్టుకున్నది.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. సంస్థల గెలుపోటములన్నిటినీ నాయకుడి ఖాతాలో వేసే మన మోజును జేమ్స్ మైండ్ల్ అనే పరిశోధకుడు 1985లో తన సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో ఎత్తిచూపాడు. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికలన్నీ చేసేది అదే. నూటికి నూరు శాతం వచ్చిన బడి ప్రధానోపాధ్యాయుడి ఫొటో, అతని 'విజయ రహస్యాలు' వేస్తారు. అవి వేయండి, కష్టపడినవారికి ఆ సంతోషం దక్కాలి. దానితోపాటు రెండేళ్ల కిందట ఇలాగే ఫొటో వేసిన ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయి వెళ్లిపోయిన బడికి మీ విలేకరిని పంపండి. సాయంత్రం చదువులు ఇంకా జరుగుతున్నాయా, తెలుగు పంతులు, లెక్కల టీచరు కలిసి కూర్చుని మాట్లాడుకుంటున్నారా, వెనకబడిన పిల్లల జాబితా ఎవరి దగ్గర ఉంది అని అడగమనండి. ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే అధికారులు కూడా వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలకు కేటాయించే రోజుల్లో ఒకదాన్ని తగ్గించి, ఒక్కొక్కరు తమ బడిలో తాము తప్ప ఎవరూ చేయలేని పనులేవో రాసి, వాటిని ఏడాదిలో ఎవరికి ఎలా నేర్పుతారో చెప్పమని అడగాలి. పొదుపు సంఘాల విషయంలోనూ బ్యాంకు మేనేజర్లు కొత్త అప్పు ఇచ్చేముందు లీడరుకు బదులు మరో సభ్యురాలిని పిలిచి పాసు పుస్తకం చదివించుకోవచ్చు.

మీ విలేకరి మొదట నా బడికే వెళ్లాలనుకుంటే ఊరి పేరు మీకు విడిగా తెలియజేస్తాను. బీరువా తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో నేనూ తెలుసుకోవాలనుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా